పన్నెండో తేదీ విమానానికి పదకొండునే బండెక్కాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే సంగతి: ఇద్దరం కలిసి విదేశానికి పోతున్నాం, బయలుదేరే రోజు ఎట్లా నడుపుకోవాలి? వీసాలూ టికెట్ ధరలూ ఇంకోసారి చూద్దాం. ఇంటికి తాళం వేసింది మొదలు విమానంలో సీటు దొరికేదాకా జరిగే వాటికే ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మా ఆయనకు 66, నాకు 61. కూతురి పురుటికి డల్లాస్ పోతున్నాం. బెంగళూరులో ఎక్కి దుబాయ్‌లో మారాలి. టికెట్‌లో 12వ తేదీ ఉదయం 4.10 అని ఉంది. "అంతా హైవేనే కదా, రాత్రి ఒంటిగంటకు కారెక్కితే చాలు" అంటారు మా ఆయన. నాకేమో గుబులుగా ఉంది. ఎప్పుడు బయలుదేరాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ గుబులే నిజం. ఒంటిగంటకు కారెక్కితే మీరు విమానాశ్రయం పక్కనున్న దేవనహళ్ళి చేరేసరికి విమానం కదులుతూ ఉంటుంది. మీరు 11వ తేదీ రాత్రి 8 గంటలకల్లా ఇల్లు దాటాలి.

మన పంచాంగంలో సూర్యోదయంతో రోజు మారుతుంది, విమానాల వాళ్ళకు రాత్రి 12 కొట్టగానే మారుతుంది. అందుకే "12వ తేదీ తెల్లవారుజామున" అనే మాట మన చెవికి "12వ తేదీ రాత్రి"లా వినిపిస్తుంది. ఒక రోజంతా ఆలస్యంగా వచ్చి గేటు దగ్గర నిలబడే వాళ్ళు అందుకే ఉంటారు. కారు మాట్లాడేటప్పుడు డ్రైవర్‌కు కూడా "పదకొండు రాత్రి ఎనిమిది" అని చెప్పండి. "పన్నెండో తేదీ ఫ్లైట్" అని చెబితే ఆయన కూడా అదే బోల్తా పడతాడు.

లెక్క వెనక నుంచి వేయండి. విమానం 4.10కి. పెట్టెలు అప్పగించే చెక్-ఇన్ కౌంటర్ గంట ముందు, అంటే 3.10కి మూసేస్తారు. కొన్ని సంస్థలు 75 నిమిషాల ముందే మూస్తాయి, టికెట్‌లో చూసుకోండి. కౌంటర్ ఒకసారి మూస్తే బతిమాలినా తెరవరు. గల్ఫ్ మీదుగా పోయే విమానాలు తెల్లవారుజామునే ఒకదాని వెనక ఒకటి లేస్తాయి కాబట్టి ఆ సమయంలో వరసలు పొడుగ్గా ఉంటాయి. వాకిట్లో సీఐఎస్‌ఎఫ్ భద్రతా సిబ్బంది టికెట్, పాస్‌పోర్టు చూడాలి. తరువాత కౌంటర్, ఇమిగ్రేషన్ (దేశం దాటే ముందు పాస్‌పోర్టు తనిఖీ), భద్రతా తనిఖీ. ఇద్దరు పెద్దవాళ్ళు, నాలుగు పెట్టెలు అంటే మూడు గంటలు చేతిలో ఉండాలి. మూడున్నర ఉంటే ఇంకా నయం. అంటే పన్నెండున్నర, ఒంటిగంట మధ్య టెర్మినల్ ముందు దిగాలి.

అనంతపురం నుంచి విమానాశ్రయం దాదాపు 185 కిలోమీటర్లు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా మూడు గంటలు, మూడుంబావు. టీకి, బాత్రూంకు అరగంట. టైరు పంక్చరైతేనో, మరూరు, బాగేపల్లి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బు లేక ఆగితేనో, లారీ బోల్తా పడి దారి మూసుకుంటేనో ఇంకో ముప్పావుగంట. కలిపి చూడండి, రాత్రి 8 అవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే ఇంకో అరగంట ముందుకు జరపండి. చిక్కబళ్ళాపురం దాటాక మంచు పొర కమ్మితే బండి 40 మీద కూడా పోదు.

ఒక మేలు ఏమిటంటే, మనం ఉత్తరం నుంచి వస్తాం కాబట్టి బెంగళూరు ఊళ్ళోకి పోయే పనే లేదు. దేవనహళ్ళి దాటగానే ఎడమ చేతికి విమానాశ్రయం దారి. డ్రైవర్‌కు "టెర్మినల్ 2" అని కారెక్కగానే చెప్పండి. విదేశీ విమానాలు అక్కడి నుంచే.

డ్రైవర్ ఆ రోజు పగలు నిద్రపోయాడో లేదో అడగడానికి మొహమాటపడకండి. పగలంతా బాడుగలు తిప్పి రాత్రి మీ బండెక్కే మనిషి మీకు వద్దు.

కారు సంగతి ఇంకోటి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న చిన్న కారు డిక్కీలో ఒక పెద్ద పెట్టె పట్టడమే కష్టం. నాలుగు పెద్ద పెట్టెలు, రెండు చేతి సంచులు అంటే ఎర్టిగా, ఇన్నోవా లాంటిదే కావాలి, అదీ వెనక వరస సీట్లు మడిచి. అప్పుడు సాగనంపడానికి ఎంతమంది వస్తారో ముందే తేలిపోతుంది. వచ్చేవాళ్ళు ఇద్దరికి మించితే ఇంకో కారు మాట్లాడుకోండి. బస్సు మాట మాత్రం తలపెట్టకండి. అనంతపురం–బెంగళూరు బస్సులు ఆ హైవే మీదే పోతాయి నిజమే. అర్ధరాత్రి దారి పక్కన నాలుగు పెట్టెలతో దిగి ఏం చేస్తారు?

ప్రశ్న: అత్తాకోడళ్ళం కలిసి హైదరాబాద్ నుంచి అమెరికా పోతున్నాం. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతిలో 7 కిలోలు అన్నారు. అత్తమ్మ ఊరగాయలు, పొడులు, నిప్పట్లు, ఎండుకొబ్బెర అన్నీ కట్టించారు. ఏవి పోతాయి, ఏవి పోవు? బరువు ఇంట్లో ఎట్లా చూసుకోవాలి?
– కర్నూలు

జవాబు: ముందు ఎండుకొబ్బెర బయటికి తీయండి. కౌంటర్‌లో ఇచ్చే పెద్ద (చెక్-ఇన్) పెట్టెలో కొబ్బెర చిప్పలు పెట్టకూడదని 2022లో విమాన భద్రతా విభాగం నిషేధించింది. అందులో నూనె ఎక్కువ, వేడికి దానంతట అదే రాజుకునే గుణం ఉంది, అందుకని మండే వస్తువుల్లో చేర్చారు. స్కానింగ్‌లో కనిపిస్తే మిమ్మల్ని పిలిపించి పెట్టె తెరిపిస్తారు. అప్పటికి మీరు ఇమిగ్రేషన్ దాకా పోయి ఉంటే వెనక్కి రావాలి. చెనిక్కాయల పొడి కొబ్బెర లేకుండా కొట్టుకోండి, పేచీయే ఉండదు.

ఊరగాయ ఏదైనా పెద్ద పెట్టెలోనే పెట్టండి. మిరపకాయల పచ్చడి చేతి సంచిలో అసలు ఒప్పుకోరు, నెయ్యి 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. నూనె కారడానికి కారణం సీసా మూత వదులు కావడమే అనుకుంటారు చాలామంది. అసలు కారణం లోపల మిగిలిన గాలి. విమానం పైకి పోతే చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది, సీసాలో గాలి ఉబ్బి నూనెను మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. అందుకే సగం నింపిన సీసా నిండు సీసాకంటే ఎక్కువ కారుతుంది. ఊరగాయను మందపాటి కవర్లో పోసి, గాలి పిండేసి, అంచు మూసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, దాని చుట్టూ పాత టవల్ చుట్టండి. ఊరగాయల అంగళ్ళలో యంత్రం మీద సీలు వేసి ఇస్తారు, అది ఇంకా మేలు.

మాంసం పచ్చళ్ళు వద్దు, మటన్ అయినా చికెన్ అయినా. కరివేపాకు కూడా అమెరికాలో దిగనివ్వరు. నిమ్మజాతి చెట్లకు సోకే తెగులు దానితో వస్తుందని వాళ్ళ భయం. మిగతా పొడులకూ నిప్పట్లకూ మీద పేరు రాసి అంటించండి. అక్కడ అధికారి "తినే వస్తువులు ఉన్నాయా" అని అడిగితే అత్తాకోడళ్ళు ఇద్దరూ "ఉన్నాయి" అనే చెప్పండి. చెప్పి చూపిస్తే, పనికిరానిది ఉంటే తీసి పక్కన పడేస్తారు, అంతే. లేదని చెప్పాక దొరికితే జరిమానా. కోడలు ఉన్నాయని, అత్త లేవని అంటే ఇద్దరినీ పక్కకు పిలుస్తారు.

దుబాయ్ లాంటి చోట మారేవాళ్ళు గసగసాలు ఎక్కడా పెట్టుకోకండి. మనకు మసాలా దినుసు, యూఏఈ, సౌదీల్లో మత్తుపదార్థం.

బరువుకు వేలాడదీసే చిన్న డిజిటల్ కాటా చాలు. అది లేకపోతే మనుషుల బరువు చూసే మిషన్ మీద పెట్టె పట్టుకుని ఒకసారి, ఉత్తగా ఒకసారి నిలబడి తేడా చూడండి. 23 అన్నారని 23కే నింపకండి, 22 దగ్గర ఆపండి. ఇంటి కాటాకూ కౌంటర్ కాటాకూ అర కిలో తేడా ఉంటుంది. పైగా చివర్లో ఎవరో ఒకరు చీర పెడతారు, కాదనలేం. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు పెట్టెల బరువు కలిపి సరిపోయింది కదా అని ఒకటి 26, ఇంకోటి 20 పెడితే, 26కు ఎక్కువ బరువు రుసుము కట్టమంటారు.

ఇక ఇద్దరు కలిసి పోయేటప్పుడు మరవకూడనిది ఒకటుంది. ఒకరి పెట్టెలో ఒకరివి కలిపి సర్దండి. అత్తమ్మ చీరలు రెండు కోడలి పెట్టెలో, కోడలి బట్టలు రెండు జతలు అత్తమ్మ పెట్టెలో. ఒక పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వస్తే ఇద్దరికీ మార్చుకోవడానికి ఉంటుంది. మందులకు మాత్రం ఇది పనికిరాదు. ఎవరి మందులు వాళ్ళ చేతి సంచిలో, స్ట్రిప్పులతో సహా, డాక్టర్ చీటీతో. ఇన్సులిన్ అయితే పెద్ద పెట్టెలో పెట్టనే కూడదు, కింద సామాను గదిలో గడ్డకడితే అది పనిచేయదు. సెల్‌ఫోన్‌ పవర్ బ్యాంక్ కూడా చేతి సంచిలోనే. 20,000 ఎంఏహెచ్ వరకూ ఇబ్బంది లేదు. కొన్ని సంస్థలు గాలిలో దాన్ని వాడనివ్వవు, కాబట్టి ఎక్కేముందే ఫోన్ నింపుకోండి.

బంగారం బాగా వేసుకుని పోతుంటే కస్టమ్స్ కౌంటర్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగి వచ్చినప్పుడు "ఇది ఇక్కడి బంగారమే" అనడానికి అదే రుజువు. నగల బిల్లులు, ఫోటోలు వెంట ఉంటే పని త్వరగా అవుతుంది. దీనికి అరగంట అదనంగా వేసుకోండి.

మీ దారి సులువే. పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లు దాటి శంషాబాద్, ఊళ్ళోకి పోకముందే విమానాశ్రయం. మూడున్నర గంటలు వేసుకోండి.

ప్రశ్న: మా బావమరిదీ నేనూ పనికి కువైట్ పోతున్నాం, చెన్నై నుంచి. ఒకే విమానమే గానీ ఏజెంట్ ఇద్దరికీ వేర్వేరుగా టికెట్లు తీసినాడు. మాతో పాటు ఇంకొకరి సామాను కూడా పంపుతామంటున్నాడు. ఏమన్నా ఇబ్బందా?
– రాజంపేట

జవాబు: టికెట్లు వేరుగా ఉండటం చిన్న ఇబ్బంది. ఇంకొకరి సామాను పెద్ద ఇబ్బంది. ఆ మాట ముందు చూద్దాం.

"ఈ ప్యాకెట్ మా తమ్మునికి ఇయ్యి, మందులే" అని ఇచ్చే దాంట్లో ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలో, కోడీన్ కలిసిన దగ్గు మందో ఉంటే అక్కడ జైలు మీకు. ఇచ్చినవాడు కడపలోనే ఉంటాడు. పెట్టె ఎవరి పేరు మీద ఉంటే లోపలి వస్తువులకు వాళ్ళే జవాబుదారీ, సర్దింది వేరొకరు అంటే వినరు. సొంత చిన్నాయన ఇచ్చినా సరే, మీ కళ్ళ ముందు విప్పి, మీ చేత్తో సర్దుకుంటేనే తీసుకోండి. గసగసాలు కువైట్‌కు కూడా వద్దు.

టికెట్ల విషయం. పీఎన్‌ఆర్ నంబర్లు వేరైతే విమానం రద్దయినప్పుడు ఒకరిని ఈ పూట, ఒకరిని రేపు పంపవచ్చు. విమాన సంస్థకు ఫోన్ చేసి రెండింటినీ కలిపి గుర్తు పెట్టమనండి. దాంతో పూర్తి భరోసా రాదు గానీ కౌంటర్‌లో మనిషికి మీరిద్దరూ ఒకటని తెలుస్తుంది. పక్కపక్క సీట్లు కావాలంటే ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచిన గంటలోనే ఇద్దరివీ కలిపి చేసుకోండి.

పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉంటే, అంటే పదో తరగతి పాసైనట్టు చూపకపోతే, ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసుకునే అనుమతి లేకుండా ఇమిగ్రేషన్‌లోనే ఆపేస్తారు. ఇద్దరిలో ఒకరికి ఆ ముద్ర ఉండి ఇంకొకరికి లేకపోవచ్చు, రెండు పాస్‌పోర్టులూ ఇప్పుడే తీసి చూసుకోండి. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం కూడా ఉండాలి, 10 లక్షల బీమా అది. "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అంటే ఆ ఏజెంట్‌కు దూరంగా ఉండండి. ఒప్పంద పత్రం, వీసా కాగితం, కంపెనీ ఫోన్ నంబరు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. ఏజెంట్ ఒక్కరి చేతికే కవరు ఇస్తాడు. అక్కడే జిరాక్స్ తీయించుకోండి.

రైలు దారి ఉంది కదా అని అదే రాత్రి రైలు నమ్ముకోకండి. రైలు మూడు గంటలు ఆలస్యమైతే విమానం ఆగదు. ముందు రోజు చెన్నై చేరి పడుకోండి. కారులో అయితే రేణిగుంట దాకా రెండు వరసల రోడ్డు, లారీలు ఎక్కువ. చెన్నైకి ఉత్తరం వైపున చేరతాం, విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం దక్షిణాన ఉంది. అంటే చెన్నై అంతా దాటాలి. సాయంత్రం పూట ఆ దాటడానికే గంటన్నర పడుతుంది.

ప్రశ్న: నాన్నకు మోకాళ్ళ నొప్పులని వీల్‌చైర్ పెట్టినాం, అమ్మకు పెట్టలేదు. లోపల విడిపోతారేమోనని భయం. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. భోజనం "హిందూ మీల్" అని పెట్టించినాం, వాళ్ళు శాకాహారులు.
– తాడిపత్రి

జవాబు: భోజనం ఇవాళే మార్పించండి. విమానాల వాళ్ళ భాషలో హిందూ మీల్ అంటే మాంసాహారం, గొడ్డుమాంసం మాత్రం ఉండదని అర్థం. శాకాహారులకు కావలసింది ఏషియన్ వెజిటేరియన్ మీల్, కోడ్ ఏవీఎంఎల్. షుగర్ ఉంటే డీబీఎంఎల్ అని వేరే ఉంటుంది. విమానం లేవడానికి 24 గంటల ముందు వరకైనా మార్చుకోవచ్చు, కొన్నింటిలో 48. మధ్యలో విమానం మారేది ఉంటే, ఆ రెండో విమానానికి కూడా భోజనం మారిందో లేదో చూడండి, ఒకదానికి మారి రెండోది అట్లాగే ఉండిపోవడం మామూలే.

వీల్‌చైర్ తోసే మనిషి మామూలుగా ఒక తోడును వెంట రానిస్తాడు, వేరే వరసలో కూడా. ఇబ్బంది వచ్చేది మారే చోట. అక్కడ వీల్‌చైర్ వాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టి, బ్యాటరీ బండ్ల మీద తీసుకుపోతారు. జాబితాలో పేరు లేని అమ్మను "మీరు నడిచి గేటుకు పోండి" అంటారు. కాబట్టి అమ్మకు కూడా వీల్‌చైర్ కోరండి. కనీసం 48 గంటల ముందు చెప్పాలి. నాన్న మెట్లు ఎక్కలేకపోతే ఆ మాట కూడా రాయించండి. కొంచెం నడవగలవాళ్ళకూ, మెట్లు ఎక్కలేనివాళ్ళకూ కోడ్‌లు వేరు. తప్పు కోడ్ పడితే విమానం దగ్గర మెట్ల ముందు దింపేసి పోతారు.

పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ ఎవరివి వాళ్ళ మెడలో వేలాడే సంచిలో ఉండాలి. రెండూ నాన్న దగ్గరే ఉంచితే, విడిపోయిన పది నిమిషాలు అమ్మ దగ్గర తానెవరో చెప్పే కాగితమే ఉండదు. దిగే ఊళ్ళో పిల్లల చిరునామా, ఫోన్ నంబరు ఇంగ్లీషులో కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు. విడిపోతే కదలకుండా గేటు దగ్గరే కూర్చోవాలని ఇంట్లోనే పదిసార్లు చెప్పి పంపండి. ఒకరినొకరు వెతకడానికి ఇద్దరూ తిరిగితే ఎన్నటికీ కలవరు.

ప్రశ్న: శనివారం సాయంత్రం 6.30కి హైదరాబాద్ నుంచి విమానం. లెక్క వేస్తే ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరాలి. అప్పుడు రాహుకాలం. అమ్మ ఒప్పుకోవడం లేదు.
– ఆదోని

జవాబు: శనివారం రాహుకాలం 9 నుంచి 10.30. ఎనిమిదిన్నరకే ఇల్లు దాటండి, విమానాశ్రయంలో ఒక గంట ఎక్కువ కూర్చుంటారు, పోయేదేమీ లేదు. పదిన్నర దాకా ఆగడం మాత్రం వద్దు. అదీ కుదరకపోతే పెద్దవాళ్ళు చూపిన దారే ఉంది: మంచి సమయం చూసి ఒక సంచి పక్కింట్లో ప్రస్థానం పెట్టి, పోయేటప్పుడు అక్కడి నుంచి తీసుకోండి. ఆ సంచిలో పాస్‌పోర్టులు మాత్రం పెట్టకండి.

ప్రశ్న: కౌంటర్‌లో మా ఇద్దరిలో ఒకరినే ఆపితే రెండోవాళ్ళు ఏం చేయాలి?
– గుంతకల్లు

జవాబు: ఇంట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి ఇది, కౌంటర్ ముందు కాదు. ఆపేది ఎక్కువగా పేరు తేడా వల్ల. టికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం ఉండాలి. మన వైపు ఇంటిపేరు గడి ఖాళీగా, ఒకటే పేరుతో ఉన్న పాత పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. అట్లాంటి పాస్‌పోర్టుతో యూఏఈ విజిట్ వీసా మీద పోయేవాళ్ళను 2022 నవంబరు నుంచి ఎక్కించుకోవడం లేదు. పాత పాస్‌పోర్టులో వీసా ఉండి కొత్తది మాత్రమే తెచ్చుకోవడం రెండో కారణం. రెండూ కలిపి రబ్బరు బ్యాండ్ వేసి పెట్టండి.

పెట్టెల ట్యాగులు ఎవరి పేరు మీద వాళ్ళవి వేయమని కౌంటర్‌లో నోరు తెరిచి అడగండి. త్వరగా అవుతుందని నాలుగూ ఒకరి పేరు మీదే వేస్తుంటారు. తరువాత ఒకరు ఆగిపోతే, ఆ మనిషి పెట్టెలు ఏవో తెలియక దింపడానికి తంటా, పెట్టెలు ఒక దేశంలో, మనిషి ఒక దేశంలో అయ్యే ప్రమాదం కూడా. ట్యాగు మీద చివరి ఊరి మూడక్షరాల కోడ్ చదవండి. డల్లాస్ అయితే డీఎఫ్‌డబ్ల్యూ. అమెరికాలో ఇంకో విమానం మారాల్సి ఉంటే, ట్యాగు మీద చివరి ఊరు ఉన్నా మొదట దిగిన చోట పెట్టెలు తీసుకుని మళ్ళీ బెల్టు మీద వేయాలి.

మోకాళ్ళు పట్టేసిన, మందులు వేసుకునే మనిషి ఆగిపోతే తోడు కూడా ఆగాలి, ఇద్దరి టికెట్లూ కలిపి మార్పించుకోవాలి. ఇద్దరూ గట్టివాళ్ళైతే, ఆగినవాళ్ళు కారు వెనక్కి పంపకుండా అక్కడే ఉంచుకోవాలి, రెండోవాళ్ళు పోవచ్చు. అందుకే కారు డ్రైవర్‌ను మీరు భద్రతా తనిఖీ దాటి ఫోన్ చేసేదాకా పార్కింగ్‌లోనే ఉండమనండి. ఇద్దరి దగ్గరా వేర్వేరుగా బ్యాంకు కార్డులు ఉండాలి, విదేశీ లావాదేవీలు బయలుదేరే ముందే యాప్‌లో తెరిచి పెట్టుకోవాలి. నగదు డాలర్లు కూడా ఇద్దరూ పంచుకోండి, నోట్ల రూపంలో ఒక్కొక్కరికి ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా ఒప్పుకుంటారు. ఓటీపీలు వచ్చే సిమ్‌కు రోమింగ్ ఇక్కడుండగానే పెట్టించుకోండి, అక్కడికి పోయాక పెట్టించాలంటే ఆ ఓటీపీ కూడా అదే సిమ్‌కు వస్తుంది.